బంతికి తల ఎటు?

శరభయ్యగారిని సందేహం అడగాలంటే ఓపిక ఉండాలి. ఎంత పెద్ద ప్రశ్న వేసినా ఆయన ముందు భోజనం సంగతి ఎత్తుతారు. కోనగిరి కోట సైన్యానికి పెద్ద అయిన దళవాయి నారప్ప ఇరవై ఏళ్లుగా ఆయన శిష్యుడు. ఆ అలవాటు తెలిసీ, ఆ ఉదయం గుర్రం దిగీ దిగకముందే మొదలుపెట్టాడు.

"స్వామీ, మా కోటలో సిద్దీ సిపాయిలున్నారు కదా, సముద్రం అవతలి నల్లవాళ్లు. ఇన్నాళ్లూ మనవాళ్లు తిని లేచాక వాళ్లకు వేరే బంతి వేసేవాళ్లం. ఇక ఆ భేదం కూడదని రాజుగారి ఆజ్ఞ. నెల రోజులుగా అందరికీ ఒకటే వంట, ఒకటే బంతి. అయినా వాళ్లలో ఫిరంగులు పేల్చే మర్జాన్ రేపు కొలువు మానేసి పోతానంటున్నాడు. వాడి వెనక నలభై మంది! వాళ్లు పోతే నా కోటకు దిక్కెవరు? నేనేం తక్కువ చేశాను?"

"ఆకలేస్తోంది," అన్నారు శరభయ్యగారు. "మీ కోటలోనే తింటాను, పద."

నారప్పకు ఒళ్లు మండింది. గురువుగారాయె, ఏమంటాడు? వెంటబెట్టుకు వెళ్లాడు.

మధ్యాహ్నం కోటలో రెండు వందల విస్తళ్లు ఒకే వరసలో పడ్డాయి. నారప్ప ఎప్పటిలాగే మొదట్లో కూర్చుని, పక్క విస్తరి చూపించాడు. ఆయన చూడనట్టే నడుచుకుంటూ పోయి, కిందికొసన సిద్దీల మధ్య, మర్జాన్ పక్కన చతికిలబడ్డారు. వడ్డించేవాళ్లకు కాలూ చెయ్యీ ఆడలేదు. గురువున్న బంతిలో వడ్డన గురువుతోనే మొదలవ్వాలి, అది ఆ కోట ఆనవాయితీ. చేసేదేముంది, గిన్నెలు పట్టుకుని ఆ కొసకు పరుగెత్తారు.

నారప్ప కాచుకున్నాడు. బంతిలో కూర్చున్నాక మధ్యలో లేవడం మర్యాద కాదు. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. ఎట్టకేలకు అతని విస్తట్లో చల్లారిన సంకటి, అడుగు మాడిన పప్పు పడ్డాయి. నెయ్యేదంటే వడ్డించేవాడు నీళ్లు నమిలి, గిన్నె బోర్లించి చూపించాడు. నెల రోజులుగా ఆ కొసవాళ్లు తింటున్నది ఇదేనని అప్పుడు తట్టింది నారప్పకు. సిగ్గుపడుతూ ఆ సంకటే కలుపుకున్నాడు.

"ఓహో! మన కోటలో నెయ్యి కూడా పోస్తారన్నమాట స్వామీ!" అంది అవతలి కొస నుంచి మర్జాన్ గొంతు. బంతి మొత్తం గొల్లుమంది. నారప్పకూ నవ్వాగలేదు.

చేతులు కడుక్కునే చోట అతను గురువుగారిని కలుసుకున్నాడు. "తెలిసింది స్వామీ. రేపటి నుంచి వడ్డన కింది కొస నుంచే మొదలుపెట్టిస్తాను."

వెనకే ఉన్న మర్జాన్ మూతి తుడుచుకుంటూ, "అయితే రేపు పోనులెండి, చూసే పోతాను," అన్నాడు.

శరభయ్యగారు తృప్తిగా త్రేన్చారు.

"వడ్డన సరే నాయనా. రేపు నువ్వెక్కడ కూర్చుంటావు?"