నాలుగు మూలల పుట్టి

వెనకటికి ఒక సేనాపతి ఉండేవాడు. ఆ గర్విష్ఠి పేరు నా నోట పలకను. ఏరు దాటే గుండ్రటి వెదురు పుట్టిలో సైనికులు ఎక్కువమంది పట్టరని, నాలుగు మూలల పుట్టి బొమ్మ గీశాడు.

“నెలలో నూరు అల్లు. లేదా తల తీయిస్తా!” అన్నాడు పుట్టిలల్లే ఓబన్నతో.

నీటి తోపుకి మూలలు విచ్చిపోతాయని ఓబన్నకి తెలుసు. అల్లితే సైన్యం మునుగుతుంది, అల్లకపోతే తన తల పోతుంది. ఒక్కటి అల్లి, సైన్యాన్ని చూడవచ్చిన రాజు ఎదుట ఏట్లో దింపాడు.

“ప్రభూ, కొత్తరకం పుట్టిని తలపెట్టినవాడే మొదట ఎక్కడం మా ఆచారం. సేనాపతి దొరగారు అవతలి ఒడ్డున దిగి చెయ్యి ఊపగానే మిగతావి మొదలెడతాను.”

సేనాపతి సుడుల వైపు చూశాడు. “ముందు... ఇసక మూటలేసి వదులు.”

నడి ఏట్లో మూలలు విచ్చి, మూటలన్నీ మునిగాయి.

“నువ్వెక్కనిదాంట్లో నా సైన్యాన్ని ఎక్కిస్తావట్రా?” అన్నాడు రాజు సేనాపతితో.

ఓబన్న ఇంటికెళ్లి, ఎప్పటిలాగే గుండ్రటి పుట్టి అల్లడానికి కూర్చున్నాడు.