బోడకొండమ్మ స్ట్రాబెర్రీ మడులు

చింతపల్లి కొండల్లో మంచు దట్టంగా దిగే ఒక ఊళ్ళో బోడకొండమ్మ అనే రైతు ఉండేది. ఆమెకు ఒకటి నచ్చిందంటే చాలు, పక్కనున్నదాని మంచి ఇక కంటికి ఆనేది కాదు.

ఆ ఊరివాళ్ళు కొత్తగా స్ట్రాబెర్రీ సాగు మొదలుపెట్టారు. ఎవరు ఏ మొక్కలు తెచ్చి అమ్మితే అవే నాటి బాగా దెబ్బతిన్నారు. "ఈసారి మూడు రకాలు తెప్పించి ఒకేచోట వేసి చూద్దాం. ఏది బాగా కాస్తే ఊరంతా అదే వేద్దాం" అనుకున్నారు. సేద్యంలో చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి ఆ పని బోడకొండమ్మకు అప్పగించారు.

మొక్కలు వచ్చాయి. ఒక రకానికి ఆకులు వెడల్పుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. "మొక్కంటే ఇదీ!" అని ఆమె మురిసిపోయింది. వాగు పక్కన ఎండ బాగా తగిలే మడిలో దాన్ని నాటింది. మిగతా రెండింటినీ మెరక మీద, చెట్ల నీడలో పెట్టింది.

"అదేంటత్తా, వీటికి ఎండే తగలదు కదా?" అంది కోడలు చిలకమ్మ.

"బతికే మొక్క ఎక్కడైనా బతుకుతుందిలే."

ఆమె ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. కానీ ఎరువు గంప నెత్తికెత్తుకుంటే చాలు, కాళ్ళు వాగు పక్కకే నడిచేవి. నీళ్ళూ ముందు అటే పారేవి.

జనవరిలో రైతులు చూడటానికి వచ్చారు. వాగు పక్క మడిలో పండ్లు పిడికిలంత లావున ఎర్రగా మెరుస్తున్నాయి. పై మడుల వైపు ఎవరూ పోనేలేదు. "ఇంకేం చూడాలి? ఇదే తెప్పిద్దాం" అన్నారు. బోడకొండమ్మ మొహం వెలిగిపోయింది.

అందరూ వెళ్ళాక తోటికోడలు సన్యాసమ్మ ఆగిపోయింది. భర్త పోయాక ఆమె రాజ్మా పండించి ఇద్దరు పిల్లల్ని సాకుతోంది.

"అక్కా, నీ మాట మీద రాజ్మా మానేసి, ఉన్న పొలం చెక్కంతా దీనికే ఇచ్చేస్తున్నాను. నాది మెరక నేల. నీళ్ళు మోసి పోసుకోవాలి. అక్కడా ఇలాగే కాస్తుందంటావా?"

బోడకొండమ్మ అవునందామని నోరు తెరిచింది. అంతలో చూపు పై మడుల మీద పడింది. మెరక నేలలో ఆ మొక్క ఎలా ఉంటుందో తను చూసిందెక్కడ? చూడాల్సిన పనే కదా ఊరు తనకు అప్పగించింది! ఇంతకాలం తను చేసింది పరీక్ష కాదని, గారాబమని ఆమెకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల వాలిపోయింది.

"నీ రాజ్మా మానకు చెల్లీ" అని, ఆ సాయంత్రమే రైతులందరినీ మళ్ళీ పిలిచింది.

"మొక్కలు తెప్పించకండి. నేను ఒక్క రకానికే ఎండా ఎరువూ నీళ్ళూ అన్నీ పెట్టాను. మిగతావాటి సంగతి నాకే తెలీదు. తప్పు నాది" అంది.

"ఒక పంటకాలం పాడుచేశావు కదమ్మా!" అని కొందరు కోప్పడ్డారు. ఆమె ఆ మాటలన్నీ పడింది. చివరికి చిలకమ్మే సర్దిచెప్పింది. "ఊరంతా నాటాక తెలిసుంటే ఏం చేసేవాళ్ళం మామా? మళ్ళీ వేద్దాం. ఈసారి అందరం కలిసి చూసుకుందాం."

మరుసటి శీతాకాలం మూడు రకాలనూ వాగు పక్కన కొన్ని, మెరక మీద కొన్ని నాటారు. ఎరువూ నీళ్ళూ అన్నిటికీ ఒక్కలాగే పెట్టారు. లావు పండ్ల రకం మెరక మీద వాడిపోయింది. వాగు పక్కన కాసిన పండ్లు కూడా అమ్మకానికి ఘాట్ రోడ్డు దిగేసరికి మెత్తబడ్డాయి. రెండో రకం తియ్యగా ఉంది కానీ కాపు తక్కువ. ఎవరూ పట్టించుకోని మూడో రకం మాత్రం రెండు చోట్లా నిలబడి, ఎండలు ముదిరేదాకా కాసింది. పండు గట్టిగా, రుచిగా ఉంది.

ఆ తర్వాతి ఏడు ఊరివాళ్ళు అదే వేశారు. సన్యాసమ్మ మెరక చెక్కలో నాటే రోజున మొదటి మొక్క బోడకొండమ్మ చేతే పెట్టించింది. ఆ మడి నిండా పండ్లు కాశాయి. పిల్లలు మూతులు ఎర్రగా చేసుకుని మడుల మధ్య తిరిగారు.

నీతి: దేన్నయినా పోల్చి తీర్పు చెప్పాలంటే, ముందు అన్నిటినీ సమానంగా చూడాలి.