పురిటమ్మకు పాత చీరే ఎందుకు

ఎర్రమిట్ట మీద వెలసిన పురిటమ్మ తల్లిని దర్శించే భక్తులు మొదట విస్తుపోతారు. అమ్మవారి ఒంటిపై పట్టు లేదు, జరీ లేదు. వెలిసిపోయి, అంచు చిరిగిన పాత నేత చీర ఉంటుంది. ఆలయానికి గతిలేదనుకుని ఎవరూ జాలిపడనక్కరలేదు. అది అమ్మ కోరి కట్టించుకున్న చీర.

పూర్వం ఈ మిట్ట చుట్టూ గొర్రెల కాపరులు నివసించేవారు. ఇంట బిడ్డ పుడితే ఇరవై ఒకటో నాడు అమ్మవారికి కొత్త చీర, మంత్రసానికి చేటెడు జొన్నలు, బిడ్డకు మొలతాడు, తండ్రికి తలపాగా ఇవ్వడం వారి ఆచారం. కన్నతల్లికి మాత్రం ఏమీ లేదు. పెద్దకాపరి వీరన్న కోడలు గురవమ్మ నాలుగో కాన్పులో చావు తప్పి బయటపడింది. పురిట్లో కట్టిన చిరుగుల చీరతోనే చంటిదాన్ని ఎత్తుకుని మిట్ట ఎక్కింది. మామ చేతిలోని ఎర్రచీర చూసేసరికి ఆమెకు కడుపు మండిపోయింది.

"నొప్పులు పడింది నేను మామా. ఆ చీర నాకియ్యి," అంది.

వీరన్న నవ్వాడు. "ఈనిన ప్రతి గొర్రెకీ కోక పెడతామా? ఆడదాని పని ఆడది చేసింది."

"అమ్మోరి పని అమ్మోరు చేసింది. మరి ఆమెకెందుకు పెడుతున్నావు?"

వీరన్నకు తల కొట్టేసినట్టయింది. ఇంకొక్క మాట అంటే బిడ్డతో సహా మంద నుంచి వెళ్లగొడతానన్నాడు. గురవమ్మ అక్కడి నుంచి కదల్లేదు. అతడు విగ్రహానికి చీర చుట్టబోయాడు. జారిపోయింది. మళ్లీ చుట్టాడు. మళ్లీ జారింది. మూడోసారి జారేసరికి, వెనక నిలబడిన అతని భార్య బాలక్కకు పూనకం వచ్చింది.

"నీకు ఏడుగుర్ని కన్న ఈ ఆలికి ఏం పెట్టావురా? కొత్తది నీ కోడలికియ్యి. అది విడిచిన పాతది నాకు కట్టు. దాన్ని గెంటితే నేనూ దాని వెంటే పోతా."

అది అమ్మవారి పలుకో, నలభై ఏళ్లు నోరు మూసుకున్న ఆలి పలుకో తేల్చుకునే ధైర్యం వీరన్నకు లేకపోయింది. వంగి చీర తీసి కోడలి చేతిలో పెట్టాడు.

నేటికీ పురిటి మొక్కుకు వచ్చినవారిని ఇక్కడి పూజారిణి గోత్రం అడగదు. "బాలింతకేం తెచ్చారు?" అని అడుగుతుంది. తల్లి కొత్త చీర కట్టుకుని, పాతది అమ్మ ఒంటికి చుట్టిన తర్వాతే హారతి. అది కళ్లకద్దుకున్న తల్లీబిడ్డలు చల్లగా ఉంటారని భక్తుల నమ్మకం. వట్టి చేతులతో వచ్చి, ఇదెక్కడి ఆచారమని వాదించే మగమహారాజులు ఇప్పటికీ లేకపోలేదు. వారిని ఎంతసేపైనా వాదించుకోనిస్తారు, గడప బయట నిలబెట్టి.