ఏమీ పోని కొండ

వదలని ముసురులో కొండచరియ జారింది. ఊట పైనున్న చెట్లూ, పొదలూ, నల్లమట్టీ వాగులోకి కొట్టుకుపోయి ఎర్రటి రాయి బయటపడింది. వేసవిలో దుప్పుల మందకు ఆ ఊటే దిక్కు.

నష్టపోయినవాళ్లకు లోయ మడుగులో వాటా ఇస్తానని కొండదొర చిరుతపులి చెప్పింది. ఎంత పోయిందో చూసి రమ్మని నక్కను పంపింది. ఆ మడుగు అప్పటికే నక్క చేతిలో ఉంది.

నక్క వానలోనే వచ్చి, ఊటలో తోక ముంచి విదిలించింది. ఆ కొండమీద నీళ్లకు కొలత అదే.

"తోక తడిసింది, పెద్దత్తా. ఏమీ పోలేదు."

"ఇవి వాన నీళ్లు, అల్లుడూ," అంది ముసలి దుప్పి. "పైనున్న మట్టి తాగి దాచిన నీళ్లే మాకు వేసవిలో ఊరేవి. ఆ మట్టి పోయింది."

"ఏదీ, చూపించు."

"పోయినదాన్ని ఎలా చూపించమంటావు?"

"కళేబరం ఉంటే నష్టం. లేనిదాన్ని నేనేం కొలవను?"

"ఎండాకాలం రా. కళేబరాలూ చూపిస్తాం."

నక్క నవ్వి కొలువుకు పోయింది. ముసలి దుప్పీ వెనకే వెళ్లింది. "ఊట నిండుగా ఉంది దొరా. కొండ కాస్త గడ్డం గీయించుకుంది, అంతే."

కొండ అందరిదీ అని ఆ కొలువులో రోజూ అంటారు. విరిగిన కొండ మాత్రం విరిగినచోట ఉన్నవాళ్లదే. ఇలాంటి కొలువుల్లో అరిచి అరిచి ముసలి దుప్పి గొంతులో కోపం కూడా మిగల్లేదు.

"అల్లుడి మాటే కానివ్వండి దొరా. ఏమీ పోలేదు కాబట్టి ఊట తనకిచ్చి, మడుగు మాకిప్పించండి. సరికి సరి."

"అదెలా కుదురుతుంది..." నక్క నసిగింది.

"ఏం, ఊట తక్కువా?" అడిగింది చిరుత.

తక్కువంటే తన కొలత అబద్ధం. దొరతో అబద్ధమాడినవాళ్లు ఏమయ్యారో నక్కకు తెలుసు.

"తక్కువేం కాదు దొరా."

"అయితే మార్చుకోండి," అంది చిరుత.

ఎండలు ముదిరేసరికి ఊటలో తడి మచ్చ కూడా లేదు. నక్క నాలుక వేలాడేసుకుని మడుగు దగ్గరికొచ్చింది.

"నీకు ముందే తెలుసు, పెద్దత్తా."

"నీకూ చెప్పాను కదయ్యా." దుప్పి పక్కకు జరిగింది. "తాగు. ఇకనుంచి అడిగి తాగు."

నక్క తల వంచి తాగింది. దుప్పి ఎర్రగా మిగిలిన కొండవైపు చూస్తూ నిలబడింది. మందకు నీళ్లు దొరికాయి. కొండకు మట్టి తిరిగి రాలేదు.

నీతి: పోయినదాన్ని కొలవడానికి వచ్చినవాడు అది లేకుండా ఒక వేసవి బతికి చూడాలి.