కుంటి గొర్రె పాలు

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టకముందు, మెట్టసీమను వీరకేసరి అనే రాజు ఏలేవాడు. చెడ్డవాడు కాడు. తొందరగా నమ్మేవాడు. అదే అతని దోషం.

ఒకనాడు సులక్షణుడనే పండితుడు కొలువుకు వచ్చాడు. కుంటివారికి, పొట్టివారికి, చూపులేనివారికి పిల్లలు పుట్టకుండా కషాయం తాగిస్తే, రెండు తరాల్లో రాజ్యమంతా బలవంతులే ఉంటారని చెప్పాడు. ముందు తన గొర్రెల మంద మీద ఈ విద్య చూపించమని రాజు మూడేళ్ళు గడువిచ్చాడు.

ఆ మందను కాచేవాడు బీరన్న. అతని కూతురు చెన్నవ్వకు ఎడమకాలు వంకర. కంబళ్ళు నేసే కొమరయ్యతో ఆమెకు పెళ్ళి కుదిరింది. మంద బాగుపడిందంటే, పెళ్ళికి ముందు చెన్నవ్వ ఆ కషాయం తాగవలసిందే.

మొదటి ఏడు పండితుడు కుంటి గొర్రెలను ఏరి తీసేయించాడు. రెండో ఏడు పొట్టివాటిని. మూడో ఏడు ఒంటికన్నువాటిని. ఒకదాని వీపు నిమిరి, ఇది మంచి తల్లి అవుతుందన్నాడు.

"అది పొట్టేలు, అయ్యగారూ" అన్నాడు బీరన్న.

ఏరేసినవాటిని చెన్నవ్వ బతిమాలి అడిగి తెచ్చుకుని, కొండవార పాకలో సాకింది. అక్కడ అవి ఈనాయి. దొడ్డి ఛాయలకు మాత్రం వాటిని రానివ్వరాదని పండితుడి ఆన.

గడువు తీరింది. రాజు వచ్చాడు. గొర్రెలు ఒక్కొక్కటి దూడంత ఉన్నాయి. పండితుడు కషాయపు చెంబుతో వెంటే ఉన్నాడు. కానీ దొడ్డిలో పిల్లలు పట్టుమని పది లేవు. ఉన్నవి ఆకలికి అరుస్తున్నాయి.

రాజు కారణం అడిగితే బీరన్న చెప్పాడు. మంద మేతకు పోతే పసి గొర్రెపిల్లలను దొడ్డిలోనే ఉంచడం కాపరుల ఆచారం. నడవలేని గొర్రెలు వాటితో ఉండిపోయి, ఏ తల్లి పిల్ల అని చూడకుండా పాలిచ్చేవి. బలమైనవి దూరం పోయి పొద్దుగుంకాక వస్తాయి. అప్పటికి పసివి సొమ్మసిల్లి, చాలావరకు చచ్చిపోతున్నాయి.

చెన్నవ్వ వెళ్ళి పాక తడిక తీసింది. కుంటి గొర్రెలు మెల్లగా వచ్చి దొడ్డిలో నిలబడ్డాయి. అరుపులు ఆగాయి.

రాజు చెన్నవ్వ వైపు తిరిగాడు. "నీవంటివారూ పనికొస్తారని తెలిసిందమ్మా. నిన్ను వదిలేస్తున్నాను" అన్నాడు.

"పనికొస్తానని వదలొద్దు దొరా. రేపు ఏ పనికీ రాని బిడ్డ పుడితే దాని గతేమిటి? మనిషినని వదలండి."

రాజు తల దించుకున్నాడు. చెంబు తీసుకుని ఆ కషాయాన్ని తన చేతులతోనే నేలపాలు చేశాడు. పండితుణ్ణి ఆ పూటే పొలిమేర దాటించాడు.

పెళ్ళయింది. ఏడాదికి చెన్నవ్వకు కూతురు పుట్టింది. దాని కాలూ వంకరే. కొమరయ్య మెత్తని బొచ్చు ఏరి, జానెడు కంబళి నేసి, ఆ కాలికి ముందుగా కప్పాడు.

పిల్లలారా, ఎవరు పుట్టాలో ఎవరు పుట్టకూడదో తేల్చే అధికారం ఏ మనిషికీ లేదు. పుట్టిన ప్రతివారినీ సాకడమే మన ధర్మం.