రాణిగారి తప్పు

కోనవరం అప్పడాల వీధిలో అచ్చియమ్మ అనే పెద్దావిడ ఉండేది. పనిలో ఎవరినీ వంక పెట్టనిచ్చేది కాదు, మనసులో పెట్టుకున్న మాటను ఎన్నేళ్ళయినా వదిలేది కాదు.

ఆమె ఒత్తిన అప్పడం అంచు కాస్త మందమైనా ముద్ద చేసి మళ్ళీ ఒత్తేది. ఆమెకు ఒకప్పుడు ప్రాణంలాంటి స్నేహితురాలు మంగాయమ్మ. అప్పడాల పిండి దంచడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఒకరు రోకలి పోటు వేస్తుంటే, ఇంకొకరు పోటుకీ పోటుకీ మధ్య చెయ్యి పెట్టి పిండి తిప్పాలి. అచ్చియమ్మ రోకలి కింద మంగాయమ్మ వేలు ఏనాడూ నలగలేదు. అంత కుదిరిన జోడీ.

అలాంటిది, ఒక పెళ్ళి పంక్తిలో మంగాయమ్మ అప్పడం కొరికి, "వదినా, ఈసారి నీ చేతి ఉప్పు కాస్త ఎక్కువ పడిందే!" అని నవ్వింది. పంక్తిలో అందరూ నవ్వారు. అచ్చియమ్మ విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి. పిండి తిప్పడానికి కూలిమనిషిని పెట్టుకుంది గానీ మంగాయమ్మను మళ్ళీ పిలవలేదు. ఆవిడ ఎదురొస్తే వీధి మారేది.

ఏళ్ళు గడిచాయి. హైమవతి అనే టీచరు బడి వరండాలో మధ్యాహ్నంపూట పెద్దవాళ్ళకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. వేలిముద్ర వెయ్యడమంటే నామోషీ పడే అచ్చియమ్మ అందరికంటే ముందు చేరింది. తంటాలు పడి కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుంది. ఆమె చేరిన నాలుగు రోజులు తిరక్కుండానే మంగాయమ్మ కూడా వచ్చి వెనక చాప మీద కూర్చుంది. అచ్చియమ్మ తల తిప్పి కూడా చూడలేదు.

టీచరు ఒక పాత కావ్యకథను తేలిక మాటల్లో చదివి వినిపించింది. నాట్యమాడుతూ కాలు జారిన రాణిని చూసి చెలికత్తె నవ్వుతుంది. రాణి ఆమె మొహం చూడనని ఒట్టు పెట్టుకుంటుంది. చెలికత్తె కోట గుమ్మం ముందు నిలబడి పిలుస్తుంటే, ఆ గొంతు వినపడకుండా నగారా మోగించమంటుంది. చివరికి ఒకనాడు పిలుపు ఆగిపోతుంది, రాణికి పశ్చాత్తాపమే మిగులుతుంది.

పరీక్ష దగ్గరపడింది. "ఈ రోజు చదివిందంతా మళ్ళీ ఒకసారి చూసుకుందాం. పాత్రలు, కథలోని నీతి, కష్టమైన మాటలకు అర్థాలు. ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి," అంది టీచరు. "అచ్చియమ్మగారూ, మీరూ మంగాయమ్మగారూ ఒక జట్టు."

"ఆవిడ పక్కన నాకు అక్షరం ఎక్కదు టీచరుగారూ," అంది అచ్చియమ్మ. సర్దుకుని గోడవైపు జరిగింది.

"సరే, మీరే చెప్పండి. రాణి చేసిన తప్పేమిటి?"

అచ్చియమ్మ కొంగు దోపుకుని లేచింది. "రాణికి పంతం ఎక్కువండీ. నవ్వింది చెలికత్తె, శత్రువు కాదు. అంత చిన్నమాట పట్టుకుని అంత స్నేహాన్ని తెంచుకుంటారా ఎవరైనా? బుర్ర లేని మనిషి!"

"బాగా చెప్పారు," అంది టీచరు.

వెనక నుంచి సత్తెమ్మ, "కోట రాణి సంగతి తేలిందర్రా. మరి మన వీధి రాణిగారి మాటేంటో!" అంది. అందరూ కిసుక్కున నవ్వారు. అచ్చియమ్మకు ఒళ్ళు మండింది. ఆ పూట నుంచి సత్తెమ్మతో కూడా మాటలు మానేసింది.

నవ్వులు సద్దుమణిగాక మంగాయమ్మ మెల్లగా అడిగింది. "వదినా, పశ్చాత్తాపమంటే ఏంటే? ఎంత విన్నా నిలవడం లేదు."

ఎన్నో ఏళ్ళ తర్వాత వచ్చిన మొదటి మాట అది. జవాబు అచ్చియమ్మ నాలుక చివరే ఉంది. ఒక్క క్షణం మనసు కదిలింది కూడా. అంతలోనే పెళ్ళి పంక్తి గుర్తొచ్చింది. "టీచరుగారూ, ఎవరి చదువు వాళ్ళను చదువుకోమనండి," అంది.

మంగాయమ్మ పుస్తకం మూసుకుంది.

తర్వాత ఆవిడ బడికి రావడం మానేసింది. జ్వరమన్నారు. ఒక పొద్దున ఆవిడ కోడలు నాగరత్నం వచ్చి గుమ్మంలో నిలబడింది. "అత్తయ్య మిమ్మల్ని ఒకసారి రమ్మంటోంది పిన్నిగారూ. పాఠం మరిచిపోయిందట, మీరు చెబితే వింటుందట."

అప్పడాలు ఎండలో పరుస్తున్న అచ్చియమ్మ తలెత్తలేదు. "నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసింది తను. రావలసింది తను. లేచి తిరగ్గలిగినప్పుడే రమ్మను," అంది. నాగరత్నం ఏదో చెప్పబోయి ఆగి, వెళ్ళిపోయింది.

ఆ రోజంతా అచ్చియమ్మ చేతికి పని కుదరలేదు. ఒత్తిన అప్పడమల్లా వంకరపోయింది. సరే, రేపు వెళ్దాంలే, వెళ్ళి ఆ అర్థమేదో చెప్పి వచ్చేద్దాం అనుకుంది. కానీ తెల్లారేసరికి మంగాయమ్మ లేదు.

అచ్చియమ్మ వెళ్ళింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ గడప తొక్కింది. మంగాయమ్మ చేతులు చూసింది. రోకలి కింద ఏనాడూ నలగని వేళ్ళు. వాటిని పట్టుకుని, "లేవే మంగా, చెబుతాను లేవే," అంది.

నాగరత్నం కళ్ళు తుడుచుకుంది. "పాఠమన్నది వంక పిన్నిగారూ. ఆవిడకు చూపు ఎప్పుడో మందగించింది, అక్షరమే ఆనదు. ఈ వయసులో చదువెందుకత్తయ్యా అంటే, మా వదిన చేరింది, ఆ గొంతు వింటూ కూర్చుంటానే అనేది."

మంగాయమ్మ పోయాక ఆగిన బడి కొన్నాళ్ళకు మళ్ళీ మొదలైంది. టీచరు అదే కథ తీసింది. "రాణి చేసిన తప్పేమిటి?" అని అడిగింది. అందరూ అలవాటుగా అచ్చియమ్మ వైపు చూశారు. అచ్చియమ్మ లేచి నిలబడింది. వెనక ఖాళీ చాప వైపు చూసింది.

"మొన్న చెప్పానుగా టీచరుగారూ," అంది. "చెప్పడం వచ్చింది. నాకు అంతే వచ్చింది."

సత్తెమ్మ ఈసారి నవ్వలేదు. జరిగి తన చాప మీద చోటు చూపించింది. అచ్చియమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

నీతి: కథలో వాళ్ళ తప్పు కనిపెట్టగానే చదువు అయిపోదు, అదే తప్పు మనలో ఉందేమో చూసుకుని, అవతలి మనిషి ఉండగానే దిద్దుకోవాలి.