ఏడో ప్రశ్న దగ్గర

శిక్షణలో ఉన్న కొత్త భిక్షువు, సామణేర సుదంతకు ఆ వారమంతా ఒకే మనిషి మీద కోపం. ఆమెను అతను చూసింది లేదు. పేరు మాత్రం తెలుసు, నక్కా సుగుణావతి. అతను తయారుచేసిన ఆన్‌లైన్ పరీక్షలో మూడుసార్లూ తప్పిన మనిషి.

తుని దాటాక జీడిమామిడి తోటల మధ్య ఒక గుట్ట మీద చిన్న బౌద్ధ విహారం ఉంది. అక్కడి పెద్ద భిక్షువు సీలవంశ భంతే; భిక్షువులను అలాగే పిలుస్తారు. ఆయన మాట తక్కువ. నవ్వు వస్తే దాచుకోరు. సుదంత ఆయన దగ్గర చేరకముందు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే అతని పని. ఉద్యోగం పోయి భిక్షువుల కాషాయ చీవరం కట్టాడు గానీ ఆ చూపు పోలేదు.

ఆదివారాలు చుట్టుపక్కల పేటల నుంచి పిల్లలు విహారానికి పాఠాలకి వస్తారు. చెప్పేవాళ్ళు చాలక విహారం కమిటీవారు ఒక ఆన్‌లైన్ కోర్సు పెట్టించారు. ఆ పరీక్ష పాసైనవాళ్ళే పిల్లల ముందు కూర్చుని పాఠం చెప్పాలని తీర్మానం కూడా చేశారు. పని సుదంత మీద పడింది.

అతను ఇష్టంగానే చేశాడు. భంతే ప్రసంగాలన్నీ పాఠాలుగా విడగొట్టి వెబ్‌సైట్‌లో పెట్టాడు. పాఠానికో ప్రశ్న, ప్రశ్నకు నాలుగు జవాబులు. ఆ నాలుగింటి వరస మనిషికో రకంగా మారుతుంది, పక్కవాడిది చూసి రాయడానికి లేదు. జవాబు గుర్తు పెట్టకుండా ముందుకు పోవడానికి లేదు. దాటాక వెనక్కి రావడానికీ లేదు. అరగంట గడువు తీరగానే పరీక్ష దానంతటదే మూసుకుని మార్కులు చెప్పేస్తుంది.

"చీమ దూరే సందు కూడా లేదు భంతే," అన్నాడు, అంతా చూపించి.

"గాలి ఆడుతుందా?" అన్నారు భంతే.

సుదంత నవ్వి ఊరుకున్నాడు. ముందుగా తనే పరీక్ష రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు. తర్వాత చాలామంది రాశారు. కొందరు పాసయ్యారు, కొందరు తప్పి మళ్ళీ చదువుకుని వచ్చారు. ఒక్క సుగుణావతి దగ్గరే లెక్క కుదరలేదు.

ఎవరు ఏ ప్రశ్న దగ్గర ఎంతసేపున్నారో వెబ్‌సైట్ రాసి పెడుతుంది. అది తీసి చూశాడు. మొదటి ఆరు ప్రశ్నలకూ ఆమె తడుముకోకుండా సరైన జవాబులు పెట్టింది. ఏడో ప్రశ్న రాగానే ఆగిపోయింది. మిగిలిన గడువంతా అక్కడే అయిపోయింది. నెట్ పోయిందేమో అనుకున్నాడు. రెండోసారీ అదే ప్రశ్న దగ్గర, అదే తీరు. మూడోసారి కూడా. నెట్ పోలేదు. మనిషే కదల్లేదు.

ఆ ప్రశ్న ఇది: మీకు తీవ్రమైన కోపం వచ్చింది. వెంటనే ఏం చేయాలి? ఎదుటివారికి దీటుగా బదులివ్వాలి. కోపాన్ని లోపలే అణచుకోవాలి. అక్కడి నుంచి వెళ్ళిపోవాలి. కదలకుండా నిలబడి ఊపిరిని గమనించాలి.

ఇంతకన్నా తేలిక ప్రశ్న ఆ పరీక్షలో లేదు. సుదంత ఫోన్ చేశాడు.

"నమో బుద్ధాయ భంతే," అంది అవతలి గొంతు. వెనక పిల్లల గోల, పళ్ళేల చప్పుడు.

"అమ్మా, ఏడో ప్రశ్న మీకు అర్థం కాలేదా?"

"అర్థమైంది."

"మరి గుర్తు పెట్టలేదేం?"

"పెట్టడానికి అందులో జవాబు లేదు."

సుదంత ఓపిక పట్టాడు. "పాఠంలో ఉన్నదేనమ్మా. ఇంకొక అవకాశం తెరుస్తాను. ఊపిరి అన్నది ఉంది చూడండి, దాని మీద నొక్కండి. మిగతావన్నీ మీకు వచ్చినవే."

"మీరేం అడుగుతున్నారో, ఏది నొక్కితే మార్కు వస్తుందో నాకు మొదటిసారే తెలుసు భంతే. మార్కు కోసం అబద్ధం నొక్కి, వెళ్ళి పిల్లలకి నిజం చెప్పమంటారా?"

"అది అబద్ధమెలా అవుతుంది?"

"ఫోన్లో చెప్పేది కాదు. నేనే వస్తాను," అని ఆమె పెట్టేసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె గుట్టెక్కి వచ్చింది. నలభై దాటిన మనిషి, తెల్లచీర, భుజాన సంచి. భంతే వరండాలో కూర్చుని చిరిగిన చీవరానికి అతుకు వేస్తున్నారు. ఆమె మూడుసార్లు వంగి ఆయనకు నమస్కరించింది. సుదంతకు ఒక్కసారి చేతులు జోడించింది. అది అతను గమనించకపోలేదు.

"నేను ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ని," అంది, చాప మీద కూర్చుని. "ఇంతకుముందు వేరే ఊళ్ళో చేశాను. అక్కడి కాంట్రాక్టరు ఒకరోజు గుడ్లు పంపాడు. పగలగొడితే నల్లగా ఉన్నాయి, వంటగదిలో నిలబడలేకపోయాం. తిప్పి పంపితే మళ్ళీ అవే పంపాడు. ఉడకబెడితే తెలీదులే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అట్టలన్నీ ఆటోలో వేసుకెళ్ళి అతని ఆఫీసు గుమ్మంలో కుమ్మరించాను. నలుగురూ చూస్తుండగా. నన్ను దూరంగా బదిలీ చేశారు, అలా ఇటొచ్చాను. ఆ తర్వాత అక్కడికి మంచి గుడ్లే వస్తున్నాయట."

సంచి ఒళ్ళోకి లాక్కుంది.

"ఆ రోజు నేను కదలకుండా నిలబడి ఊపిరి చూసుకుంటే పిల్లలు ఆ గుడ్లు తినేవాళ్ళు. కాబట్టి మీ ఊపిరి మీద నొక్కను. పోనీ దీటుగా బదులివ్వడం మీద నొక్కుదామంటే, పిల్లలకి రేపు ఏం నేర్పాలి, కొట్టుకోమనా? అదీ నొక్కను. మిగతా రెండూ పిరికివాళ్ళవి."

"నాలుగింట్లో ఒకటి మెరుగైనది ఉంటుంది కదమ్మా," అన్నాడు సుదంత. గొంతు తెలియకుండానే పెరిగింది. "ఒక్కొక్కరి బతుక్కీ ఒక్కో ప్రశ్న రాస్తూ కూర్చుంటే పరీక్ష ఎలా నడుస్తుంది? అందరికీ ఒకటే కొలత. లేకపోతే ప్రతివాళ్ళూ నా జవాబు వేరంటారు."

"అంటే అననివ్వండి."

"నియమం నియమమే."

"సరే. నా పంతం నాదే," అందామె.

సూది ఆగింది. భంతే దారం కొరికి, చీవరం మడిచి పక్కన పెట్టారు.

"సుదంతా, ఆ పరీక్ష నాకు కూడా పెట్టు."

"మీకా భంతే?"

"ఆదివారం నేనూ పాఠం చెప్తాను కదా. పాసవ్వాలి."

సుదంతకు ప్రాణం లేచొచ్చింది. గురువుగారు ఆమె ఎదుటే ఏడో ప్రశ్నకు జవాబు పెడతారు, గొడవ తీరిపోతుంది. చకచకా ఆయన పేరున ఖాతా తెరిచి, లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. మొదటి ప్రశ్న. భంతే చదివి, గుర్తు పెట్టి, ముందుకు వెళ్ళారు. రెండు, మూడు. ఆరూ సరైనవే. ఏడోది వచ్చింది.

భంతే చదివారు. లాప్‌టాప్ మీది నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

తెర మీద గడియారం తరుగుతోంది. ఆయన అలాగే కూర్చున్నారు. సుగుణావతి తల వంచుకుని కూర్చుంది. తోటలో ఎవరో కర్రతో జీడికొమ్మలు దులుపుతున్నారు, పండ్లు రాలుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"భంతే," అన్నాడు సుదంత, ఉండబట్టలేక. "అది మీ మాటే. నేను సొంతంగా రాసింది కాదు."

భంతే చూపు తెర మీదే ఉంది.

నిజంగా ఆయన మాటే అది. సుదంత వచ్చిన కొత్తలో, వంట చేసే అప్పలకొండ అతని పుట్టుకను ఎత్తి, జంధ్యం లేని బ్రాహ్మడంటూ ఏదో ఎకసెక్కెమాడాడు. సుదంత పొయ్యి మీది ఇనప గరిటె లాక్కుని ఎత్తాడు. హైదరాబాదులో ఉద్యోగం ఊడింది కూడా ఆ చెయ్యి వల్లే, అక్కడ ఎత్తింది కుర్చీ. గరిటె దిగేలోపు వెనక నుంచి భంతే మణికట్టు పట్టుకున్నారు. కదలకు, ముందు ఊపిరి చూడు అన్నారు. చూశాడు. గరిటె దానంతటదే కిందికి దిగింది. ఆ రోజు నుంచి ఎన్నిసార్లు ఆ మాట తనని కాపాడిందో అతనికే తెలుసు. పరీక్ష తయారుచేస్తున్నప్పుడు ఆ మాటను ఎంత ముద్దుగా పెట్టుకున్నాడో కూడా. ఇప్పుడు ఈవిడెవరో వచ్చి దాన్ని అబద్ధం అంటోంది, ఆ మాట అన్న మనిషేమో నోరు మెదపకుండా కూర్చున్నాడు.

లాప్‌టాప్ మూసెయ్యాలనిపించింది. అయినా కదల్లేదు. గడియారం సున్నాకు వచ్చింది. పరీక్ష మూసుకుంది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: మీరు ఉత్తీర్ణులు కాలేదు.

"అయ్యో," అని సుదంత గబుక్కున చెయ్యి చాచాడు. "ఇది చెరిపేస్తాను భంతే. రికార్డులో ఉండిపోతుంది."

"ఉండనీ."

"మీరు తప్పారని ఉంటుంది."

"తప్పాను కదా."

"మీ మాటకి మీరే గుర్తు పెట్టకపోతే ఎలా భంతే?" ఈసారి అతని గొంతులో కోపం దాగలేదు. "అది మీరు చెప్పింది కాదా?"

"చెప్పాను. నీకు చెప్పాను," అన్నారు భంతే. "అప్పుడు నీ చేతిలో ఉన్నది గరిటె. ఈవిడ చేతిలో ఉన్నవి పిల్లలు తినబోయే గుడ్లు."

లేస్తూ సుగుణావతి వైపు తిరిగారు. "ఆదివారం రండమ్మా."

"పాసవకుండానా భంతే?"

"నేనూ అలాగే వస్తాను."

శనివారం సుదంత ఏడో ప్రశ్నను బాగుచేయడానికి కూర్చున్నాడు. అయిదో జవాబుగా 'పైవేవీ కావు' అని చేర్చాడు. చూసుకుంటే నవ్వొచ్చింది, తీసేశాడు. 'సందర్భాన్ని బట్టి' అని రాశాడు. అది నొక్కితే ఎవరికైనా మార్కు వస్తుంది, ఏ సందర్భమో చెప్పనక్కర్లేదు. అదీ తీసేశాడు. చివరికి ఒక్కొక్కటిగా నాలుగు జవాబులూ చెరిపి, వాటి చోట ఖాళీ పెట్టె పెట్టాడు. ఎవరికి వారు రాసుకోవచ్చు. భద్రపరచబోతే వెబ్‌సైట్ హెచ్చరించింది, ఈ ప్రశ్నకు మార్కులు దానంతటవి పడవని, ఒక మనిషి చదివి వెయ్యాలని.

సుదంత ఆ హెచ్చరికను చాలాసేపు చూసి, సరే అని నొక్కాడు. పాత ఫలితాలు ముట్టుకోలేదు.

ఆదివారం పొద్దున కమిటీ అధ్యక్షుడు గవరయ్యగారు వచ్చారు. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన మనిషి, తీర్మానం రాసింది ఆయనే. పాసైనవాళ్ళ పేర్లు చూద్దామని కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ చూశారు.

"ఇదేంటయ్యా, పెద్ద భంతే ఫెయిలా?"

"అవునండి."

"కంప్యూటర్ పొరపాటు."

"కాదండి. నా కళ్ళెదుటే తప్పారు."

గవరయ్యగారు గొంతు తగ్గించారు. "నీ చేతిలో పనేగా. పాసు మార్కులు వేసెయ్. జనం వింటే బాగోదు."

"వెయ్యను."

"చిన్నవాడివి. నేను చెప్తున్నాను కదా."

"మీరే కాదు, ఆయన చెప్పినా వెయ్యనండి," అన్నాడు సుదంత. గొంతు పెంచలేదు.

"అయితే ఆ తీర్మానం ఆయనకు వర్తించదు, పో."

"అందులో అలా రాయలేదు మీరు."

హాల్లో పిల్లలు చేరారు. పాఠం చెప్పేవాళ్ళ కోసం ముందు ఎత్తుపీట ఉంది. భంతే వచ్చారు. పీట వైపు వెళ్ళలేదు. చంకలోని చాప తీసి వెనక వరసలో, జడలు వేసుకున్న ఇద్దరు ఆడపిల్లల మధ్య పరుచుకుని కూర్చున్నారు. ఆ పిల్లలు ఒకరినొకరు చూసుకుని, ఆయనకు చోటిచ్చారు.

ఆ ఆదివారం పాఠం వంతు ఉన్నవాళ్ళలో పాసైనవాడు ఇక సుదంత ఒక్కడే. పీట దాకా నడిచాడు. ఎదుట పిల్లలు, వాళ్ళ వెనక ఆయన. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి సుగుణావతి నిలబడి ఉంది. లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు.

గరిటె ఎత్తిన చెయ్యి అతనిది. ఆ చేత్తోనే పీటను గోడవారకు జరిపాడు.

"అమ్మా, మీరు రండి," అన్నాడు.

ఆమె భంతే వైపు చూసింది. ఆయన పక్కపిల్ల చూపిస్తున్న గాజుల్ని చూస్తున్నారు. ఆమె వచ్చి పిల్లల ఎదుట నేల మీద కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఈ వారం మీలో ఎవరికి కోపం వచ్చింది?" అని అడిగింది.

ఒక పిల్ల చెయ్యెత్తి, "నాకు," అంది.

"చెప్పు. ఏం జరిగింది?"

గవరయ్యగారు గోడ వెంబడే నడిచి వెనక వరసకు వచ్చి భంతే చెవి దగ్గర వంగారు. "ఆవిడ పాసవలేదు భంతే."

"నేనూ అవలేదు," అన్నారు భంతే, చాప మీద కాస్త పక్కకు జరుగుతూ. "కూర్చోండి. ఆ పిల్లేదో చెప్తోంది, విననివ్వండి."